ధర్మశబ్దము - దాని దేశాటనము

ఈ సంచికకు నేనును నాలుగు మాటలు వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన కులపు పూర్వచరిత్రమును గూర్చియే వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ పనిని నాకంటె సమర్థులు వెనుకటి సంచికలలో చేసియున్నారు. నేను వ్రాయబూనినది ఒక్క మాటయొక్క చరిత్రము. ఆ మాట మన సంఘ నియమావళి రెండవ పుటలోనే యున్నది. మన ధర్మము నవలంబించు కుటుంబములవారెల్లరు సభ్యత్వమున కర్హులని మన పెద్దలు అందు వ్రాసిరి. గత మహాసభనాడు విషయనిర్ధారణ సభలో ఆ వాక్యముమీదనే చర్చ పుట్టినది. మన బంధుకుటుంబములలో రెండు తరముల క్రిందట క్రైస్తవమతము పుచ్చుకొన్నవారు కొందఱు కలరు. ఆ యిండ్ల పిల్లవాడొకడు మన విద్యార్థి వసతిగృహమున చేరుటకు దరఖాస్తు పెట్టుకొనెను. ధర్మమనగా మతమే కదా, వారి మతము వేఱు గనుక వారు సభ్యులు కారని కొందఱనిరి. అందుపై వృద్ధులొకరు లేచి, "అబ్బాయీ, ధర్మమనగా నడవడిరా! ఆ పిల్లవాని తాతను నేనెఱుగుదును. అంతటి ధర్మాత్ముడు మా వైపున మఱొకడు లేడు" అనిరి. అభిప్రాయము కుదరలేదు. ఆ యంశము ఈ యేటికి వాయిదా పడినది.

ఇరుపక్షములవారును తప్పు చెప్పలేదు. ఆ రెండర్థములును నేడు ఆ మాటకు కలవు. అయితే అవి రెండును ఒకేనాడు పుట్టినవి కావు. ఏది మొదటిదో, ఏది నిన్నమొన్నటిదో తెలిసికొనుట చర్చించువారికి అవసరమని నాకు తోచినది.

ధర్మశబ్దము "ధృ" ధాతువునుండి పుట్టినది. ధరించుట, మోయుట, నిలుపుట యని ఆ ధాతువున కర్థము. ఋగ్వేదమున "ధర్మన్" అను రూపము కానవచ్చును. భూమ్యాకాశములను పడిపోకుండ నిలుపునట్టి ఆధారము, యజ్ఞమున తప్పరాని విధానము అను భావములలో ఋషులు దానిని ప్రయోగించిరి. విశ్వమునంతటిని నడపు నియమమును చెప్పవలసివచ్చినపుడు వారెక్కువగా వాడినది "ఋతము" అను మాట. కాలక్రమమున ఋతము వెనుకకు తగ్గినది. ధర్మము ముందునకు వచ్చినది. మోయునది యను మూలార్థము మాత్రము ఆ మాటను నేటికిని విడువలేదు.

సూత్రకారుల కాలమునకు ధర్మము మనుష్యుని నడవడికి పేరైనది. ఆంధ్రదేశమున ఎన్నో కుటుంబములు తమ సూత్రమని చెప్పుకొను ఆపస్తంబ ధర్మసూత్రము, తెలిసినవారు కూడి సమ్మతించిన ఆచారములే తాను చెప్పబోవు ధర్మములని ఆరంభించును. వానికి వేదమునుగూడ ప్రమాణముగా చేర్చును. ఆ గ్రంథము చివర ఒక చిత్రమైన మాట కలదు. శాస్త్రమున చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీలవలనను, సర్వవర్ణములవారివలనను నేర్చుకొనవలెనని కొందఱి మతమట. "కొందఱి మతము" అని ఇక్కడ నేను వ్రాసినది అభిప్రాయమను నర్థమున. ఆ సంగతి ముందు చెప్పెదను. ఇదే ధర్మశబ్దమును పట్టుకొని తర్వాతి స్మృతికారులు ఏ వర్ణమువా డెంతవఱకు నడువవచ్చునో, ఎక్కడ నిలిచిపోవలెనో గిరి గీసిరి. దయను బోధించిన మాటయే బావులకును గుడివాకిండ్లకును గడియ వేసినది. చరిత్ర వ్రాయువాడు ఈ రెండింటిలో దేనిని దాచినను అది అబద్ధమే యగును.

ఇక అశోకుని సంగతి. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున ఆ చక్రవర్తి చేసినట్లు ఈ మాటను రాళ్లమీద చెక్కించి దేశదేశములకు పంపినవాడు అంతకుముందు లేడు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడికి పోయి ఆ గుండ్లను చూచినవారు మనలో కొందఱుందురు. అశోకుని పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును అక్కడ కలవు. చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగును; నాగలి చాలు మలుపు తిరిగినట్లుండును. అందున్న ధర్మమేమి? తల్లిదండ్రుల మాట వినవలెను, పెద్దలను గౌరవింపవలెను, ప్రాణులయెడ కనికరము కలిగియుండవలెను, సత్యము పలుకవలెను. ఇంతే. దీనిని ఎవరెవరు ఎవరెవరికి బోధింపవలెనో కూడ ఎఱ్ఱగుడి రాయి చెప్పుచున్నది. ఏనుగులనెక్కువారు, వ్రాయసకాండ్రు, రథములకు పశువులను మలచువారు, బ్రాహ్మణాచార్యులు - వీరందఱును తమతమ శిష్యులకు నేర్పవలెనట. మావటివానిని, కరణమును, ఆచార్యుని ఒకే వరుసలో నిలిపి ధర్మోపదేశకులనుగా చేసిన రాజశాసనము మన తెలుగునేలమీద నున్నదని మనలో ఎందఱికి తెలియును?

అశోకుడు బౌద్ధుడు. అయినను ప్రజల నుద్దేశించి వ్రాయించిన ఈ శాసనములలో నిర్వాణమను మాట లేదు, అష్టాంగమార్గము లేదు. పదునొకండవ శాసనమున ధర్మదానమునకు సాటియైన దానము లేదని చెప్పి, ఆ ధర్మమును విప్పినపుడు దాసభృత్యులను సరిగా చూచుట, తల్లిదండ్రుల సేవ, స్నేహితులకును బంధువులకును శ్రమణబ్రాహ్మణులకును ఇచ్చుట, జీవహింస మానుట అని లెక్కపెట్టెను. మతశాఖలను చెప్పవలసివచ్చినపుడు ఆయన వాడిన మాట వేఱు. అది "పాసండ" యనునది. మన "పాషండ" శబ్దమే యది! నేడు పాషండుడనగా వేదబాహ్యుడు, నాస్తికుడు, తిట్టదగినవాడు. అశోకుని నాడు అందులో తిట్టు లేదు. బౌద్ధులు, జైనులు, ఆజీవకులు, బ్రాహ్మణులు ఎల్లరును పాసండులే. పండ్రెండవ శాసనమున ఆయన అందఱు పాసండులను గౌరవించుచున్నానని చెప్పి, తన పాసండమును పొగడుకొనుటలోను ఇతరుల పాసండమును నిందించుటలోను నాలుకను అదుపులో నుంచుకొనవలెనని హితవు పలికెను. కావున ఆయన లెక్కలో పాసండములు పెక్కు. ధర్మము వాని కన్నిటికి ఉమ్మడి. ఉమ్మడి మాట వెనుక ఒక్కొక్క శాఖకు పేరైనది. శాఖలకు చెప్పిన మాట తిట్టుగా దిగజారినది. శబ్దములకును మనుష్యులకువలెనే దశలు మాఱుచుండును.

ఈ ధర్మమును ఇతర భాషలవారికి చెప్పవలసివచ్చినపుడు ఏమి చేసిరో చూడుడు. 1958లో ఆఫ్ఘనిస్థానములోని కాందహారువద్ద ఒక బండమీద అశోకుని శాసనము బయల్పడినది. మీద గ్రీకుభాష, క్రింద అరమేయిక్ భాష. అలెగ్జాండరు దండయాత్రల పిమ్మట ఆ ప్రాంతమున గ్రీకులు నిలిచిపోయిరి. అరమేయిక్ పూర్వపు పారసీక ప్రభుత్వపు వ్రాతభాష. గ్రీకు పాఠమున ధర్మమునకు బదులు "యూసెబీయా" అను మాట కలదు. దేవతలయెడను, తల్లిదండ్రులయెడను చూపవలసిన భయభక్తులని దాని యర్థము. అరమేయిక్ పాఠమున అదే చోట సత్యమను నర్థము గల మాట కలదు. ఒకే రాజు, ఒకే బండ, ఒకే ధర్మము. ఒకరికి భక్తిగా వినబడినది, వేఱొకరికి సత్యముగా వినబడినది. 1963లో అదే కాందహారున పండ్రెండవ, పదుమూడవ శాసనముల గ్రీకుభాగము ఒకటి దొరకెను. అందు "పాసండ" కు బదులు వ్రాసినది "డయాట్రిబే" యని. తత్త్వవేత్తలు శిష్యులతో కూర్చుండి చర్చించు పాఠశాల యని దాని భావము. గ్రీకులకు శాసనము, చట్టము అను నర్థమున "నోమోస్" అను ప్రసిద్ధమైన మాట యుండెను. ధర్మమునకు ఆ మాటను వాడక విడిచిపెట్టిన ఆ యనువాదకు డెవరో కాని, అశోకుని మనస్సు నెఱిగినవాడని నా నమ్మకము. ఆయన శిలలమీద చెక్కించినది చట్టము కాదు.

చిత్రమేమనగా, ఆ విడిచిపెట్టబడిన నోమోస్ శబ్దమే వేయి యేండ్లకు పైబడిన పిదప మఱొక త్రోవన వచ్చి ధర్మమును కలిసికొన్నది. గ్రీకునుండి అది సిరియక్ భాషలోనికి, అక్కడనుండి మధ్యాసియాలో పట్టు త్రోవల వర్తకులైన సోగ్దీయుల భాషలోనికి, వారివలన ఉయ్‌గురు తురుష్కుల భాషలోనికి పోయెను. ఉయ్‌గురు బౌద్ధులు బుద్ధుని ధర్మమును "నోమ్" అని పిలిచిరి. వారివద్దనుండి మంగోలులు దానిని గ్రహించిరి. ధర్మము పుస్తకరూపమున వచ్చెను గనుక కాబోలు, నేడు మంగోలు భాషలో నోమ్ అనగా పుస్తకము. అక్కడి బడిపిల్లవాడు లెక్కల పుస్తకమునుగూడ నోమ్ అనియే యనును. గ్రీకుల చట్టము, మన ధర్మము, వాని పలకసంచిలోని పుస్తకము - మూడును ఒక్క మాటలో చిక్కుకొన్నవి.

చీనావారు ధర్మమునకు "ఫా" అను తమ పాత మాటను వాడిరి. అది చట్టము, కొలత, పద్ధతి యను నర్థములు గలది. మొదటి యనువాదకులు బౌద్ధమును చీనావారికి దగ్గఱ చేయవలెనని వారి తావోమతపు మాటలనే తీసికొని, నిర్వాణమునకుగూడ "వూవెయ్", అనగా ఏమియు పూని చేయకుండుట, అని వ్రాసిరి. అందువలన చదువరులకు మాట తెలిసినది; భావము తప్పిపోయినది. ఈ కష్టమును బాగుగా నెఱిగినవాడు హ్యూయన్‌త్సాంగు. ఆ యతి 639 ప్రాంతమున మన ధాన్యకటకమునకు, అనగా నేటి అమరావతి ధరణికోటల ప్రాంతమునకు, వచ్చి కొన్ని నెలలు నిలిచి ఇరువురు భిక్షువులయొద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదువుకొనెను. అప్పటికే అచ్చటి విహారములు పెక్కు పాడుపడినవనియు, ఇరువది మాత్రము నిలిచియున్నవనియు, వేయిమంది భిక్షువులుండిరనియు వ్రాసెను. 645లో స్వదేశము చేరి, 664లో మరణించువఱకు అనువాదముమీదనే కూర్చుండెను. ఐదు విధములైన మాటలను అనువదింపక ధ్వనినే వ్రాయవలెనని ఆయన పేర ఒక నియమము చెప్పబడుచున్నది. రహస్యమైన ధారణులు, పెక్కర్థములు గల "భగవాన్" వంటివి, ఆ దేశమున లేని జంబూవృక్షము వంటివి, పూర్వులు ధ్వనితోనే వాడుచు వచ్చినవి, అనువదించినచో గౌరవము తగ్గిపోవునవి. చివరిదానికి ప్రజ్ఞాశబ్దము ఉదాహరణము: దానిని తెలివి యని వ్రాసినచో తేలికపడిపోవునట. అంతటి జాగరూకుడును ధర్మమునకు ఫా అను మాటనే యుంచెను; అప్పటికే అది పాతుకొనిపోయినది. ఐరోపీయులును తర్వాత బౌద్ధధర్మమునకు చట్టమను నర్థము గల మాటనే తఱచు వాడిరి. 1852లో బుర్నూఫ్ పండితుడు సద్ధర్మపుండరీకమును ఫ్రెంచిలోనికి తెచ్చినపుడు సద్ధర్మమును "మంచి చట్టము" అని వ్రాసెను.

బౌద్ధులలోనే ఈ మాటకు మఱొక యర్థము కలదు. వస్తువులుగా మనకు తోచునదెల్ల విడదీయగా మిగులు మూలాంశములు వారికి ధర్మములు. సర్వాస్తివాదులు వానిని 75గా లెక్కించిరి. జైనుల ధర్మము ఇంకను విచిత్రము. నీరు చేపను నెట్టదు, కాని నీరు లేనిదే చేప కదలలేదు. అట్లే జీవులును వస్తువులును కదలుట కాధారమై లోకమంతట వ్యాపించియున్న ద్రవ్యము వారి శాస్త్రమున ధర్మము. చెట్టునీడవలె నిలుచుట కాధారమైనది అధర్మము. ఈ అధర్మమున పాపమేమియు లేదు! మన పురాణములు మాత్రమే విన్నవారు జైనతత్త్వగ్రంథమును తెఱచి ఈ మాటను చూచి తికమకపడుదురు.

ఇంతవఱకు ఎక్కడను ధర్మమనగా ఒక జనసమూహమునకు చెందిన మతమని యర్థము రాలేదు. అది ఎప్పుడు వచ్చినది? ఐరోపావారి "రిలీజియన్" అను మాట వలన వచ్చినదని చెప్పవచ్చును. దాని మూలమైన లాటిను మాట "రెలిజియో". మఱలమఱల శ్రద్ధతో చదువుకొనుటనుండి అది పుట్టినదని సిసిరో చెప్పెను. దేవునితో మనుష్యుని కట్టివేయుటనుండి పుట్టినదని క్రైస్తవాచార్యుడైన లాక్టాన్షియసు చెప్పెను. రోమనుల నాడు అది భయభక్తులతో కూడిన నిష్ఠ. లోకములోని జనులందఱు పేరుపేరున వేఱువేఱు రిలీజియనులుగా విభాగింపబడియున్నారను భావము ఐరోపాలో గట్టిపడినది గత మూడు నాలుగు వందల యేండ్లలోనే యని 1962లో విల్ఫ్రెడ్ కాంట్వెల్ స్మిత్ ఒక గ్రంథమే వ్రాసెను. ఈ మాటకు సరియైన మాట లేక ఇబ్బందిపడినది మనమొక్కరమే కాము. జపానువారు సంధిపత్రములు వ్రాసికొనవలసివచ్చినపుడు వెదకి వెదకి, బౌద్ధగ్రంథములలో వేఱొక యర్థమున నున్న "షూక్యో" అను మాటను, 1868 తరువాతి మెయిజీ కాలమున దీనికి నిలిపిరి. చీనావారును ఆ యక్షరములనే తమ యుచ్చారణతో స్వీకరించిరి.

మనదేశమున సీరాంపూరు మిషనరీలు వంగభాషలో 1801లో అచ్చువేసిన క్రొత్తనిబంధనమునకు "ధర్మపుస్తకము" అని పేరు పెట్టిరి. తమ పవిత్రగ్రంథమునకు క్రైస్తవులే ధర్మశబ్దమును శిరోభూషణముగా తీసికొన్నారన్నమాట. పందొమ్మిదవ శతాబ్దమున హైందవులును తమ మతమునకు సనాతనధర్మమని పేరు చెప్పుకొన మొదలిడిరి. వంగ హిందీ భాషలలో ధర్మము క్రమముగా రిలీజియనుకు పర్యాయమైపోయినది. తెలుగు తమిళ మలయాళములలో ఆ స్థానమును ముఖ్యముగా మతశబ్ద మాక్రమించినది. మతమనగా తలపబడినది, అభిప్రాయము. అభిమతము, సమ్మతము, బహుమతి యనువానిలో ఆ పాత యర్థమే యున్నది. వ్యాకరణము చదివినవారు "ఇది ఫలానివారి మతము" అని నేటికిని అందురు. హిందీలోనో, మత్ అనగా ఇప్పటికిని అభిప్రాయమే, ఎన్నికలలో ఓటును అదే. ఉత్తరాదిన ఎన్నికలనాడు "మత్‌దాన్ కేంద్రము" అను పలక చూచి, ఇక్కడ మతమును దానము చేయుదురా యని మా బంధువొకడు నిజముగానే అడిగెను. 1976లో 42వ సవరణవలన రాజ్యాంగ ప్రస్తావనలో చేరిన "సెక్యులర్" అను మాటకు వ్యవహారమున ధర్మనిరపేక్షమను మాట యున్నను, హిందీ పాఠమున "పంథనిరపేక్ష" మని వ్రాసిరి. ధర్మము నపేక్షింపని రాజ్యమనుటకు మనసొప్పక పంథశబ్దమును పట్టుకొన్నారని దాని యర్థము. ఆ సంకోచములో ఎఱ్ఱగుడి రాతి మాట కొంచెము మిగిలియున్నది.

మన తెలుగువారి నోట ధర్మము ఎట్లు మసలుచున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ధర్మసత్రము, ధర్మాసుపత్రి, ధర్మకర్త, ధర్మాసనము, ధర్మదర్శనము. బియ్యపు బండ్లను తూచు ధర్మకాటా. వాకిట నిలిచిన బిచ్చగాని కేక. చనిపోయినవానిని కాలధర్మము చెందెనందుము. పల్లమునకు పాఱుట నీటి ధర్మమందుము. పూర్వపు దేవాలయ శాసనములలో గోవులనో భూమినో దీపమునకిచ్చినదాత ఆ దానమునే "ధర్మువు" అనును. దానిని చెఱచినవాడు గంగకఱుత కపిలగోవును చంపిన పాపమున పోవునని శపించును. వీనిలో ఒక్కటియు దాత యే మతమువాడో, పుచ్చుకొనువా డే మతమువాడో అడుగదు. సత్రమునకు వచ్చినవానికి ముందు విస్తరి వేయుదురు.

ఇక మన నియమావళి. దానిని వ్రాసిన పెద్దలు ఏ యర్థమున ఆ మాటను వాడిరో చెప్పుటకు వారిలో ఎవరును మిగిలియుండలేదు. మతమని చెప్పదలచినచో తెలుగున మతమను మాట వారికి సిద్ధముగ నున్నది; అయినను వారు దానిని వ్రాయలేదు. ఇంతమాత్రమున వారి యుద్దేశము తేలిపోయినదని నేననను. వారు నడచిన కాలమున ఆ రెండు మాటలును అప్పుడే కలిసిపోవుచుండెను. శబ్దచరిత్రము ఓటు వేయదు, మనమే వేయవలెను. ఆ పదమును కొట్టివేయవలెననియు నేను కోరుట లేదు. మనము దానిని నడవడి యని గ్రహించుచున్నామో, మతమని గ్రహించుచున్నామో ఆ వాక్యము క్రిందనే మఱొక వాక్యమున విప్పి వ్రాయవలెనని ఉపసంఘమువారికి మనవి చేసికొంటిని. మతమనియే నిర్ణయించినచో ఆ సంగతిని దాపఱికము లేక వ్రాసి, ఆ కుటుంబములవారు ఇన్నేండ్లుగా వసతిగృహమున కిచ్చుచున్న చందాను కూడ ఇకమీద పుచ్చుకొనరాదు.

ఉపసంఘము మహాసభ రెండవనాటి ఉదయమున కూడును. దరఖాస్తు పెట్టిన పిల్లవాడు ఈ యేడు ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. వసతిగృహమున క్రొత్త గదులను జూన్ నెలలో కేటాయింతురు.